సహారా నుంచి ఓడెక్కి వచ్చిన ఇసుక

ఎడిటర్ గారికి,

ఆదివారం పేజీల్లో బీచ్‌ల గురించి రాసినప్పుడల్లా మంచి ఫొటోలు వేస్తారు, కానీ ఆ ఇసుక ఎక్కడిదో మాత్రం ఎవరూ రాయరు. ఈమధ్య స్పెయిన్ వాళ్ల కానరీ దీవుల్లోని టెనెరీఫ్‌కి వెళ్లాం. శాన్ ఆండ్రెస్ ఊరి పక్కనే లాస్ తెరెసితాస్ బీచ్, కిలోమీటరుకి పైనే పొడవు, లేత బంగారు రంగు ఇసుక, వెనక బోడి కొండలు, అచ్చం పోస్టర్‌లో చూసినట్టే ఉంది. తీరా చూస్తే అది మనుషులు తయారుచేసిన బీచ్! అగ్నిపర్వతాల దీవి కదా, అక్కడ మామూలుగా దొరికేది నల్ల ఇసుక, రాళ్లూను. 1970ల మొదట్లో సహారా నుంచి ఓడల్లో లక్షల టన్నుల ఇసుక తెచ్చి పోశారు. అప్పట్లో ఎడారిలో ఆ భాగం స్పెయిన్ చేతిలోనే ఉండేది, ఇక అడిగేదెవరు?

మా వాడు అల వస్తే గెంతుదామని నడుం లోతు నీళ్లలో పావుగంట నిలబడ్డాడు, ఒక్కటీ రాలేదు, పాపం. పోసిన ఇసుక సముద్రంలోకి కొట్టుకుపోకుండా తీరానికి ఎదురుగా పెద్ద రాళ్లతో గోడ కట్టారు, అందుకే నీళ్లు చెరువులా ఉంటాయి. ఈత రాని నాలాంటి వాళ్లకి ఏ టెన్షనూ లేదు, నిజం చెప్పాలంటే నాకు బాగా నచ్చింది కూడా. ఇంటికొచ్చి బ్యాగు దులిపితే ఆ ఎడారి గుప్పెడు రాలింది. ఈసారి బీచ్ గురించి వేసేటప్పుడు దాని ఇసుక కథ కూడా రెండు లైన్లు రాయండి.

— ఒక పాఠకురాలు