మంగమారిపేట టూర్ గురించి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులకు నమస్కారం.

శనివారం పిల్లలు సముద్రం ఒడ్డున సహజ రాతి తోరణం చూడ్డానికి విశాఖ దగ్గరి మంగమారిపేట వెళ్లొచ్చిన దగ్గర్నుంచి ఆఫీసు ఫోన్ మోగుతూనే ఉంది. పిల్లల్ని అల లాక్కెళ్లిందని తల్లిదండ్రుల గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ తిరిగింది. అది నిజం కాదు. మన పిల్లల్లో ఎవరూ సముద్రంలోకి దిగలేదు, ఎవర్నీ అల లాక్కెళ్లలేదు. 9వ తరగతి బాబు ఒకడు పాచి పట్టిన బండ మీద జారిపడితే మోకాలికి మూడు కుట్లు పడ్డాయి. సోమవారం బడికి వచ్చాడు. ఆ వాయిస్ మెసేజ్ విని ఒక తల్లి ఏడుస్తూ పరుగెత్తుకొచ్చారు. అలాంటివి పంపే ముందు దయచేసి మాకు ఫోన్ చేసి కనుక్కోండి.

బూట్లు వేసి పంపమని డైరీలో రాశాం, మెసేజ్ కూడా పెట్టాం. ఆ బాబుతో సహా చాలామంది హవాయి చెప్పులతోనే వచ్చారు. టిఫిన్ తినకుండా బస్సెక్కి తగరపువలస చేరకముందే వాంతులు చేసుకున్నవాళ్లున్నారు. వద్దన్న సెల్‌ఫోన్లు బ్యాగుల్లో దొరికాయి. పొద్దున్నే మీకుండే హడావిడి నాకు తెలుసు, కానీ ఇవి ఇంటి దగ్గరే చూసుకోవాల్సినవి.

టూర్లు మానేయమని కొందరు అడిగారు. మానను. అలలు రాతిని పగుళ్ల వెంట తొలుచుకుంటూ పోతే పైకప్పు మాత్రం మిగిలి తోరణంలా నిలబడుతుందని పుస్తకంలో బొమ్మ గీసి చెప్పొచ్చు. ఆ తోరణం ఎదుట నిలబడి, అల వచ్చి రాతిని కొట్టే చప్పుడు విన్న పిల్లకు మళ్లీ చెప్పక్కర్లేదు. ఈ తీరం కొండల్లో ఎక్కువగా ఉన్నది ఖోండలైట్ అనే రాయి. ఎప్పటిదో బంకమట్టి భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ అలా రాయిగా మారింది. కోణార్క్ గుడి కట్టింది ఎక్కువగా ఈ రాయితోనే. మన కొండల గురించి మన పిల్లలకు తెలియకపోతే ఎలా?

8వ తరగతి అమ్మాయి ఒకతె తడి ఇసుకలో ఎర్రటి చార చూసి, గుప్పెడు తీసి అరచేతిలో పరిచింది. తర్వాత బండలో అవే ఎర్రటి గింజలు వెతికి పట్టుకుని, "టీచర్, ఈ ఇసుక ఈ రాయిలోంచే వచ్చింది" అంది. అవి గార్నెట్లు అనే ఖనిజం గింజలు, తను చెప్పింది నిజమే. సముద్రం ఒడ్డున ఉన్న కోనాడ నుంచి మన బడికి వచ్చే బాబు ఒకడు, రాళ్ల మీద తడి గీత చూసి పోటు మొదలైందని అందరికంటే ముందు చెప్పాడు. వాడి మాట మీదే టీచర్లు పిల్లల్ని ఒడ్డుకు తెచ్చేశారు. వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్న విద్య అది. ఈ ఇద్దర్నీ చూస్తే నాకు ఎంత గర్వంగా ఉందో!

మూడో విడత ఫీజు నెలాఖరులోగా కట్టాలి, పదో తరగతి ప్రీ-ఫైనల్ టైమ్‌టేబుల్ నోటీస్ బోర్డులో ఉంది.

వచ్చే నెల 7వ తరగతి వాళ్లను చింతపల్లి లైట్‌హౌస్‌కు తీసుకెళ్తున్నాం. అనుమతి పత్రం మీద సంతకం పెట్టి శుక్రవారంలోగా పంపండి. బూట్లు మాత్రం తప్పనిసరి, చెప్పులతో వస్తే బస్సెక్కనివ్వం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు
విజయనగరం