బోర్డు మారిస్తే ఫార్మాట్ కొట్టాల్సిందేనా? కావలి కస్టమర్లకు మా షాపు మాట

కావలిలో మా కంప్యూటర్ సర్వీసు షాపుకి వచ్చే వాళ్లందరికీ ఒక మార్పు చెప్పాలి. ఈ నెల నుంచి మదర్‌బోర్డు మార్చిన మెషిన్‌ని మీరు అడిగితే తప్ప ఫార్మాట్ (సీ డ్రైవ్ చెరిపేసి విండోస్ మళ్లీ వేయడం) చేయం. మీ పాత విండోస్‌నే కొత్త బోర్డు మీద లేపడానికి ముందు చూస్తాం. బోర్డు బిగించే కూలి కాకుండా దీనికి విడిగా 600 రూపాయలు తీసుకుంటాం. ఎందుకు తీసుకుంటున్నామో, ఎక్కడ కుదరదో మొహమాటం లేకుండా రాస్తున్నాను.

ఫార్మాట్ అనేది షాపు వాడికి హాయి. పెన్‌డ్రైవ్ పెట్టి వదిలేస్తే టీ తాగొచ్చే లోపు విండోస్ ఎక్కిపోతుంది, ఆ మెషిన్ ఇచ్చేసి ఇంకోటి పట్టుకోవచ్చు. కష్టం మొదలయ్యేది మీ ఇంటికి వెళ్లాక. కోర్టు దగ్గర డీటీపీ పెట్టుకున్నాయనకి తెలుగు ఫాంట్లు, అలవాటైన కీబోర్డు సెట్టింగు, స్టాంపు పేపరుకి సరిచేసుకున్న ప్రింటర్ మార్జిన్లు అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. రొయ్యల మేత షాపాయనకి లెక్కల టాలీ, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌ని నడిపే ప్రోగ్రాం (డ్రైవర్). ఫోటో స్టూడియో వాళ్లకైతే పెళ్లిళ్ల సీజన్‌లో ఒక పూట మెషిన్ లేకపోయినా గగ్గోలే. "డేటా అంతా డీ డ్రైవ్‌లో ఉందిలే" అంటారు గానీ, డెస్క్‌టాప్ మీద కనిపించేవన్నీ సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. మామూలుగా అందరూ ఫైళ్లు పడేసేది అక్కడే.

విండోస్ 7 రోజుల్లో బోర్డు మారిస్తే బ్లూ స్క్రీన్ రావడం మామూలే. విండోస్ లేవాలంటే ముందుగా డిస్కుని చదివే డ్రైవర్ పనిచేయాలి. పాత బోర్డుకి అవసరం లేని డ్రైవర్‌ని అది ఆఫ్‌లో పెట్టుకునేది. కొత్త బోర్డులో డిస్క్ కంట్రోలర్ (డిస్కుని నడిపే చిప్) వేరేదైతే తన డిస్కుని తానే చదవలేక ఆగిపోయేది. విండోస్ 10, 11 ఈ విషయంలో చాలా నయం. కొత్త బోర్డు కనిపించగానే డివైస్‌లన్నీ మళ్లీ వెతుక్కుని, ఒకటి రెండు సార్లు రీస్టార్ట్ అయి డెస్క్‌టాప్ చూపిస్తాయి. ఇంటెల్ తీసి ఏఎండీ పెట్టినా చాలావరకు లేస్తాయి. చిప్‌సెట్, లాన్, సౌండ్ డ్రైవర్లు ఆ తర్వాత ఎక్కించుకోవచ్చు.

లేవకపోతే మేం ముందు చూసేది బయోస్, అంటే విండోస్ కన్నా ముందు బోర్డులో నడిచే సెట్టింగుల ప్రోగ్రాం. పాత బోర్డులో డిస్క్ మోడ్ (బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐలో ఉండి, కొత్తదాంట్లో రెయిడ్‌లోనో, కొత్త ఇంటెల్ బోర్డుల్లో వచ్చే వీఎండీలోనో ఉంటే విండోస్‌కి డిస్క్ కనపడదు. ఆ ఒక్క సెట్టింగు మారిస్తే సరిపోయే మెషిన్‌ని కూడా "విండోస్ కరప్ట్ అయింది" అని ఫార్మాట్ కొట్టేసే వాళ్లున్నారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

రెండోది లెగసీ అనే పాత బూట్ పద్ధతిలో (మెషిన్ ఆన్ కాగానే విండోస్‌ని లేపే పద్ధతి) వేసిన విండోస్. కొత్త బోర్డుల్లో చాలా వాటికి లెగసీ బూట్ లేదు, యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి ఒక్కటే. అప్పుడు డిస్కులో పార్టిషన్ల (సీ, డీ లాంటి భాగాల) పట్టికని ఎంబీఆర్ అనే పాత రకం నుంచి జీపీటీ అనే కొత్త రకానికి మార్చాలి. దీనికోసం మైక్రోసాఫ్ట్ వాళ్లే 2017లో విండోస్ 10తో పాటు ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ ఇచ్చారు. డేటా చెరిపేయకుండా మారుస్తుంది. కాకపోతే ప్రైమరీ పార్టిషన్లు మూడుకి మించి ఉంటే ఒప్పుకోదు. సీ, డీ, ఈ అని కోసుకుంటూ పోయిన డిస్కులతో ఇదే తంటా. ముందు పార్టిషన్ సర్దాలి, దానికి టైమ్ పడుతుంది.

ఇవన్నీ ముట్టుకునే ముందు మీ డిస్కుని ఇంకో డిస్కులోకి పూర్తిగా కాపీ తీసి పెట్టుకుంటాం. 600లో ఎక్కువ భాగం దానికే. కరెంటు దెబ్బకి బోర్డుతో పాటు డిస్క్ కూడా దెబ్బతిని ఉంటే అది కాపీ తీసేటప్పుడే బయటపడుతుంది. అక్కడితో ఆపి మీకు ఫోన్ చేస్తాం, ఆ 600 తీసుకోం.

ఇప్పుడు మెషిన్ బాగున్నవాళ్లు కూడా చదవాల్సింది బిట్‌లాకర్, అంటే డిస్కుకి విండోస్ వేసే తాళం గురించి. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా వాటిలో డిస్క్ దానంతట అదే లాక్ అవుతుంది. మీకు చెప్పదు కూడా. ఆ తాళం చెవి బోర్డు మీదుండే టీపీఎం అనే సెక్యూరిటీ చిప్‌లో ఉంటుంది. బోర్డు మారిందంటే తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతుంది. కానీ ల్యాప్‌టాప్ కొన్న రోజు కౌంటర్‌లో కుర్రాడు ఏ మెయిల్ ఐడీ పెట్టాడో ఎంతమందికి గుర్తుంది? కీ లేకపోతే ఆ డేటా మేం తీయలేం. తీస్తామని డబ్బులు అడిగేవాళ్లని నమ్మకండి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి డివైస్ ఎన్‌క్రిప్షన్ (ఈ తాళమే) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే కీ ప్రింట్ తీసి పొలం కాగితాలతో పాటు బీరువాలో పెట్టుకోండి.

లాగిన్‌కి పెట్టుకునే నాలుగంకెల పిన్ కూడా ఆ టీపీఎంకే కట్టుబడి ఉంటుంది. బోర్డు మారాక పాత పిన్ పనిచేయదు, కొత్తది పెట్టుకోవాలంటే అసలు పాస్‌వర్డ్ కావాలి. కాబట్టి మెషిన్ ఇచ్చేటప్పుడు పాస్‌వర్డ్ తెలిసిన మనిషినే పంపండి. "మా అబ్బాయికి తెలుసు, వాడు బెంగుళూరులో ఉన్నాడు" అంటే వాడు ఫోన్ ఎత్తేదాకా పని ఆగుతుంది.

యాక్టివేషన్, అంటే మీ విండోస్ లైసెన్సు చెల్లుతుందని మైక్రోసాఫ్ట్ ఒప్పుకోవడం, దాని సంగతి కొంచెం చేదు. మెషిన్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్సు ఆ బోర్డుకే చెందుతుంది. వారంటీలో కంపెనీ వాళ్లే బోర్డు మారిస్తే అది వేరే విషయం. బయట కొన్న బోర్డుకి ఆ లైసెన్సు రాదు. విడిగా కొన్న రిటైల్ లైసెన్సు అయితే వస్తుంది. దాన్ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి ముందే కలిపి ఉంటే, యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్‌లో హార్డ్‌వేర్ మార్చానని చెప్పి తిరిగి తెచ్చుకోవచ్చు. మీది ఏ రకం లైసెన్సో ఒక చిన్న కమాండ్‌తో చూసి చెబుతాం. క్రాక్ (దొంగ యాక్టివేషన్) మాత్రం వేయం. దీని మీద కౌంటర్ దగ్గర గొడవ వద్దు. యాక్టివేట్ కాకపోయినా మీ ఫైళ్లు ఎక్కడికీ పోవు, తెర మూల రాత కనిపిస్తుంది, వాల్‌పేపర్ లాంటివి మార్చనివ్వదు. లైసెన్సు ఎప్పుడు కొనాలో మీ ఇష్టం. టాలీ కూడా కొత్త బోర్డుని కొత్త మెషిన్‌గా చూసి లైసెన్సు అడగవచ్చు, కాబట్టి సీరియల్ నంబరు, దానికి ఇచ్చిన మెయిల్ దగ్గర పెట్టుకోండి.

ఎచ్61, ఎచ్81 (పాత ఇంటెల్ చిప్‌సెట్లు) బోర్డుల కాలం నాటి మెషిన్లున్న వాళ్లకి ఒక మాట. వాటికి బోర్డులు ఇంకా దొరుకుతాయి, అదే చిప్‌సెట్ కాబట్టి విండోస్ కూడా మారు మాట్లాడకుండా లేస్తుంది. మాకు అన్నిటికన్నా సులువైన పని అదే. కానీ విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఆ ప్రాసెసర్లకి విండోస్ 11 అధికారికంగా రాదు. బిల్లులు కొట్టుకోవడానికైతే సరే. బ్యాంకు పనులు చేసే మెషిన్ అయితే దానికి బోర్డు వేయించే ముందు ఆలోచించండి. బోర్డు అమ్ముకునే వాడినే ఈ మాట చెబుతున్నాను. కొత్త తరానికి మారితే బోర్డుతో పాటు ప్రాసెసర్, ర్యామ్ కూడా మార్చాలి, ఖర్చు పెరుగుతుంది. అప్పుడు కూడా పాత డిస్కునే తగిలించి లేపి ఇవ్వగలం.

తుమ్మలపెంట, జువ్వలదిన్నె వైపు నుంచి వచ్చే మెషిన్లలో బోర్డుల మీద ఉప్పుగాలి తుప్పు బాగా కనిపిస్తోంది. బోర్డు ఒక్కటే మార్చి అదే పాత పవర్ సప్లయ్‌తో నడిపితే మళ్లీ మా దగ్గరికే వస్తారు. అందుకని పవర్ సప్లయ్ చెక్ చేయకుండా కొత్త బోర్డు బిగించం. చెకింగ్‌కి చార్జీ లేదు.

ఇప్పటికే షాపులో ఉన్న మెషిన్లకి ఈ 600 వర్తించదు, ఒప్పుకున్న రేటే. వాళ్లలో బిట్‌లాకర్ కీ ఇంకా పంపనివాళ్లు వాట్సాప్‌లో కీ అడిగే తెర ఫోటో, కీ ఫోటో రెండూ పెట్టండి. తెర మీద కనిపించే కీ ఐడీతో సరిచూసుకోవాలి.