గింజను నిందించకు

విశాఖపట్నం

చి. వంశీకి అమ్మ ఆశీస్సులు.

నువ్వు ఇంట్లో వేయించి పంపిన కాఫీ పొడి అందింది. ఆదివారం కలుపుకుని తాగాం. నువ్వు రాసినట్టే చప్పగా ఉంది. చేదూ లేదు, పులుపూ లేదు, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే తప్ప వాసన తెలియదు. అంతవరకూ ఒప్పుకుంటాను. కానీ "ఈసారి పాడేరు గింజ బాగా లేదమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చేశావే, అది మాత్రం ఒప్పుకోను. అదే సంచిలోని గింజ ఇక్కడ వేయిస్తే మీ నాన్నగారు రెండో గ్లాసు అడుగుతున్నారు.

అసలు సంగతి నీ ఉత్తరం చివర్లో ఉంది. గింజ వేయించే నీ కరెంటు డ్రమ్ము మిషనులో పావుకిలో పోశావు, రాత్రి ఎనిమిదింటికి మొదలుపెట్టావు, గింజ పగిలే మొదటి చిటపట పదహారో నిమిషానికి గానీ వినిపించలేదు. ఇంకేం కావాలి? నీ గింజ వేగలేదురా, సెగ చాలక లోపల్లోపల ఎండిపోయింది. రంగు బాగానే వస్తుంది, అందుకే మోసపోతాం. వాసనా తీపీ పుట్టవలసిన సమయంలో వేడి అందకపోతే తరవాత ఎంతసేపు తిప్పినా అవి రావు.

ఇంజనీరింగ్ చదివినవాడికి ఫిజిక్సు పాఠం చెప్పడమేమిటి అనుకోకు, ఆ పాఠమే చెప్పి రిటైరైనదాన్ని, ఊరుకోలేను. హీటరు వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 ఉండవలసింది 207కి పడితే తగ్గింది పదో వంతే, వేడి మాత్రం 19 శాతం తగ్గుతుంది. నీ 1200 వాట్ల యంత్రం 970 వాట్ల యంత్రమైపోతుంది. రాత్రి ఎనిమిదింటికి మీ అపార్టుమెంటులో ఎన్ని ఏసీలు తిరుగుతుంటాయో లెక్క వేసుకో. పైగా నువ్వు ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించావు, ఆ సన్నటి తీగ ఇంకొంత మింగుతుంది. తీగ వేడెక్కడం వేరే ప్రమాదం. గోడకున్న పెద్ద పవర్ ప్లగ్గుకే పెట్టు. ప్లగ్గులో గుచ్చితే వోల్టేజీ చూపించే చిన్న మీటరు ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది, అదొకటి కొనుక్కో. 220కి తగ్గి ఉంటే ఆ పూట మానెయ్యి, లేదా గింజ తగ్గించి 170, 180 గ్రాములే పొయ్యి. చిన్న డ్రమ్ములో మిగులు సెగ ఉండదు, దాని బలానికి తగ్గ బరువే దానికి పెట్టాలి.

మిషను మీద కనిపించే అంకెను నమ్మకు. అది చూపించేది లోపలి గాలి వేడి, గింజ వేడి కాదు. ముక్కూ చెవీ చాలు. మొదట తడి ఎండుగడ్డి వాసన వస్తుంది, గింజ పసుపు తిరుగుతుంది. తరవాత రొట్టె కాలుతున్న వాసన. ఆపైన గట్టిగా, విడివిడిగా చిటపటలు. గింజ వేడి 200 డిగ్రీల దగ్గరకు వచ్చిందన్నమాట. అవి మొదలయ్యాక రెండు నిమిషాలు కదలకు, ఫోను తీసుకోకు. రెండోసారి వచ్చే శబ్దం సన్నగా, గబగబా ఉంటుంది. అది మొదలవబోయే ముందే ఆపితే పాలు పోసిన కాఫీకి సరిపోతుంది. దాటితే గింజ మీద నూనె తేలుతుంది, కొండ రుచి పోయి బొగ్గు రుచి మిగులుతుంది. (చికోరీ కలిపే మీ నాన్నగారికి ఆ తేడాతో పనిలేదు, అది వేరే సంగతి.)

ఆఖరున తూకం వెయ్యి. 200 గ్రాములు పోస్తే 170 అటూ ఇటూగా దిగాలి. 178 దిగితే సరిగా వేగలేదు. 160కి పడిపోతే మాడ్చావు. రంగు చూసి నేను ఏనాడూ తీర్పు చెప్పను, వంటింటి త్రాసే చెబుతుంది.

కరెంటు పోయిందా, ఆలస్యం చెయ్యకు. డ్రమ్ము ఆగితే గింజ కాలుతున్న ఇనుముకు అంటుకుని ఉంటుంది, నిప్పు రాజుకోవచ్చు. మందపాటి గ్లౌజులు వేసుకుని వెడల్పాటి స్టీలు పళ్ళెంలోకి గుమ్మరించు. పొట్టు పడే డబ్బా ప్రతిసారీ దులుపు. పొట్టుకు కాగితంలా నిప్పంటుకుంటుంది.

గింజను అంటే నాకు ఎందుకంత కోపం వచ్చిందో కూడా రాస్తాను. 2014 అక్టోబరు 12 హుద్‌హుద్ తుఫాను నీకు గుర్తుండే ఉంటుంది, మన ఎంవీపీ కాలనీలో చెట్టన్నది మిగల్లేదు. అప్పుడు మన్యంలోనూ నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కూలి కాఫీ మొక్కల మీద పడ్డాయి. కూలినవి పోగా మిగిలిన మొక్కలు నీడలేక ఎండకు మాడాయి. కాఫీకి నీడ కావాలి, ఆ నీడ చెట్టు ఎదగడానికి ఏళ్ళు పడుతుంది. అదే గిరిజన రైతులు ఎకరం, రెండెకరాల్లో మళ్ళీ నాటుకుని, చెట్లకు మిరియాల తీగ పాకించి, పండును చేత్తో ఏరి పంపుతున్నారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అలా వచ్చిన గింజను వోల్టేజీ చూసుకోకుండా వేయించి, బాగా లేదంటావా!

వేయించిన రోజే పొడి కొట్టకు. గింజలోంచి వాయువు పోవడానికి మూడు, నాలుగు రోజులు పడుతుంది. తొందరపడితే ఫిల్టరులో పొడి పొంగి, పైన పెట్టిన చిల్లుల బిళ్ళను ఎత్తేస్తుంది, డికాక్షన్ ఒక పక్కగా జారిపోతుంది.

ఇక్కడ సముద్రపు గాలికి పచ్చిగింజ కూడా చెమ్మ పట్టేస్తోంది, అందుకని బిగుతు మూత డబ్బాలో పోసి ఉంచాను. రెండు కిలోలు రేపు పార్సిల్ చేస్తాను. ఈసారి మధ్యాహ్నం పూట వేయించి, ఎంత పోశావో, ఎంత దిగిందో, మీటరులో ఎంత చూపించిందో రాసి పంపు. పొడి వద్దు, గింజగానే పంపు, ఇక్కడ నేనే కొట్టుకుంటాను.

అమ్మ