చప్పట్లకు తిరిగి చూస్తే మాట తెలిసినట్టేనా? ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

వినపడని పిల్లలకు ఆపరేషన్ చేసి చెవిలో అమర్చే వినికిడి పరికరం, అంటే కాక్లియర్ ఇంప్లాంట్, ఇచ్చే పథకం గురించి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆపరేషన్ తర్వాత నింపే ఫారంలో వినికిడికి ఒక్కటే గడి ఉందని, "శబ్దానికి స్పందిస్తున్నారు" అని టిక్ పెట్టగానే ఫైలు మూసేస్తున్నారని వినతిపత్రాల్లో మొత్తుకున్నాం. జవాబు లేదు. అందుకే ఈ లేఖ.

ఇంప్లాంట్ పెట్టిన పాప వెనక నిలబడి చప్పట్లు కొడితే తిరిగి చూస్తుంది. ఏ స్వరంలో ఎంత మెల్లని శబ్దం వినపడుతోందో గీతగా చూపే ఆడియోగ్రామ్‌లో 250 నుంచి 4000 హెర్ట్జ్ దాకా గీత 25, 30 డెసిబెల్స్ దగ్గర చక్కగా వస్తుంది. అదే పాపకు మన నోరు కనపడకుండా "పాట" అని చెప్పి తిరిగి అనమనండి. "బాట" అంటుంది, మరోసారి "మాట" అంటుంది. ఆ గీత తప్పని మేం అనడం లేదు. చెవి వెనక పెట్టుకునే ప్రాసెసర్ ఎంత మెల్లని శబ్దాన్ని పట్టుకుంటోందో అది చెబుతుంది, అంతే. ప్రాసెసర్‌ను పాపకు తగ్గట్టు సరిచేసే మ్యాపింగ్‌లో టీ లెవెల్స్, అంటే వినపడటం మొదలయ్యే కనీస విద్యుత్ స్థాయిలు, పెంచినా గీత బాగుపడొచ్చు, మాట మాత్రం అక్కడే ఉండిపోవచ్చు. మాట తెలుస్తోందో లేదో మాటలతోనే కొలవాలి సార్.

ఆ పరీక్షకు ముందు ప్రాసెసర్ బ్యాటరీ, తలకు అంటుకునే కాయిల్, ప్రోగ్రామ్, మైక్ కవర్ చూసుకోవాలి. కవర్లో దుమ్ము చేరితే "స", "ష" లాంటి సన్నని ధ్వనులు మందగిస్తాయి, మార్కు తగ్గితే నింద పాప మీద పడుతుంది. స్పీకర్ ఎదురుగా ఒక మీటరు దూరంలో ఉండాలి. పదాలు వినిపించే 60 డెసిబెల్స్ స్థాయిని తల ఉండే చోట శబ్దాన్ని కొలిచే మీటరు పెట్టి సరిచూసుకోవాలి. రెండో చెవికి కొంత వినికిడి ఉంటే దాన్ని మూయాలి, లేదా ఆ చెవి మాట పట్టుకోకుండా దానికి రొద వినిపించాలి (మాస్కింగ్). పదాలు రికార్డు చేసినవే కావాలి. మనమే చదివితే తెలియకుండానే గొంతు పెంచుతాం, పదాన్ని సాగదీస్తాం. మూడు నెలల తర్వాత ఇంకొకరు చదివితే ఆ రెండు మార్కులనూ పోల్చడానికే వీల్లేదు.

నాలుగు బొమ్మల్లో ఒకటి చూపించమంటే గుడ్డిగా చూపినా 25 శాతం వస్తుంది. పది పదాలే పెడితే ఒక్క పదం తప్పినా పది శాతం పోతుంది. అందుకే బొమ్మలు లేకుండా, విన్నది తిరిగి అనే 50 పదాల జాబితా అడుగుతున్నాం. ఏ ధ్వని ఏ ధ్వనిగా వినపడిందో రాసుకుంటే మ్యాపింగ్ ఎక్కడ చూడాలో దారి దొరుకుతుంది. తర్వాత అలాంటి వేరే జాబితాను రొదలో, మాట కన్నా రొద 10 డెసిబెల్స్ తక్కువగా పెట్టి వినిపించాలి. తరగతి గది ఎప్పుడూ పరీక్ష గదిలా నిశ్శబ్దంగా ఉండదు కదా.

దయచేసి ఆ ఒక్క గడి తీసేయించండి. వయసుకు తగ్గ పదాల జాబితాలు మాతృభాషలో రికార్డు చేయించండి. 3, 6, 12 నెలలకు, ఆపైన ఏటా, పదాల మార్కు రాయడం తప్పనిసరి చేయండి. ఉన్నట్టుండి మార్కు పడిపోతే లోపలి చెవిలోని ఎలక్ట్రోడ్ల ఇంపిడెన్స్ (విద్యుత్ నిరోధం) అప్పటికప్పుడు చూడాలని కూడా రాయించండి. తనకు సరిగా వినపడటం లేదని మూడేళ్ల పాప నోరు తెరిచి చెప్పలేదు సార్. ఈసారైనా జవాబివ్వండి.

ఇట్లు,
ఇంప్లాంట్ వాడేవారికి వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టులు