మర్యాదంతా ‘రు’లో ఉంది

సంపాదకులకు నమస్కారం.

శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లిళ్లకు వచ్చే చుట్టాలు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ పిల్లల్ని చూసి ‘పెద్దంతరం చిన్నంతరం లేదు’ అని తేల్చేస్తుంటారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన మా పర్లాకిమిడికి ఈ మాట పడడం కష్టంగానే ఉంటుంది. 1936లో ఒడిశాలో కలిసిన ఈ ఊళ్లలో చాలా ఇళ్లకు బడి ఒడియా, ఇల్లు తెలుగు. ఆ పిల్లలే ఒడియా మాస్టారిని ‘ఆపణ’ (మీరు) అని తప్ప అనరు. తెలుగులో మర్యాద మాటలో ఎక్కడుంటుందో ఎవరూ చూపించలేదంతే.

ఫోను మోగుతుంది. ‘నాన్నగారున్నారా?’ అంటే ‘స్నానం చేస్తున్నాడు’ అంటుంది పిల్ల. అవతలి మనిషికి చివుక్కుమంటుంది. కానీ ఈ తేడా ఒడియాలోనూ ఉంది: తమ్ముడైతే ‘ఆసిలా’, తండ్రయితే ‘ఆసిలే’. ‘ఆసిలా అంటే వచ్చాడు, ఆసిలే అంటే వచ్చారు’ అని జత కట్టి చెప్పండి, ఇట్టే పట్టుకుంటారు. ఆడవాళ్ల దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. ఒడియా ‘సే’కి (అతను, ఆమె రెండూ అదే) ఆడా మగా తేడా లేదు కనుక ‘అత్త వచ్చాడు’ అనేస్తారు. దిద్దితే ‘వచ్చింది’ అంటారు, అత్తకీ ఆవుకీ ఒకటే క్రియ! అందుకే పెద్దవాళ్లెవరికైనా ‘వచ్చారు’ అని ముందు నేర్పితే రెండు తప్పులూ ఒకేసారి పోతాయి.

‘మీరు’ తొందరపడి నేర్పితే ‘మీరు కూర్చో’ అంటారు. ముందు ‘రండి, కూర్చోండి, తీసుకోండి’ నోటికి రానివ్వండి. ‘ండి’ పలికితే ‘మీరు’ లేకపోయినా లోటు లేదు. అమ్మనీ అమ్మమ్మనీ ‘నువ్వు’ అనడం మా వైపు చనువే, దాని జోలికి పోవద్దు.

మేము, మనం రెండింటికీ ఒడియా మాటల్లో మామూలుగా ‘ఆమే’ అనేస్తారు (మన ‘ఆమె’ కాదు). చుట్టం ఎదురుగా ఉండగా ‘మేం భోంచేస్తాం’ అంటే ‘నువ్వు ఇక లేచి వెళ్లు’ అన్నట్టు వినిపిస్తుంది. పిల్లకి ఆ ఉద్దేశమే ఉండదు.

నలుగురి ముందు ‘సరిగ్గా మాట్లాడు’ అని గద్దిస్తే ఏది తప్పో పిల్లకు తెలియదు, మరుసటిసారి తలుపు వెనక దాక్కుంటుంది. అదే మాటని సరిచేసి ‘అవునమ్మా, స్నానం చేస్తున్నారు’ అని మనం అంటే చాలు. రోజుకి ఒకటి రెండు దిద్దుబాట్లు మించకూడదు. కూరలమ్మే ముసలమ్మని మనమే ‘ఏయ్, ఎంతకిస్తావ్’ అంటుంటే మాత్రం ఇవేవీ పనిచెయ్యవు.

వెళ్లేటప్పుడు ‘వెళ్లిపోతున్నా’ అనకుండా ‘వెళ్లొస్తాను’ అనడం నేర్పడం అన్నిటికన్నా తేలిక. ఒడియావాళ్లూ సెలవు తీసుకునేటప్పుడు ‘ఆసుఛి’, అంటే ‘వస్తున్నా’ అనే అంటారు.

– ఒక తెలుగు ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా