నా కాలు పట్టుకుని కూర్చున్న డ్రైవరన్నకు

నిరుడు ఆగస్టులో ఒక శనివారం ఉదయం బడికి వెళ్తుంటే, చీమకుర్తి దాటాక పొదిలి రోడ్డు మీద నా స్కూటరు కంకరలో జారిపడింది. లేవబోతే కుడికాలు లేవలేదు. మోకాలికీ మడమకూ మధ్య ఎముక విరిగి, ఒక కొన చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నాను. చేతికర్ర వదిలి మూడు వారాలైంది. నా కాళ్ల మీద నేను నిలబడ్డాకే ఈ మాటలు రాయాలని ఇన్నాళ్లూ ఆగాను.

ఆ ఉదయం చుట్టూ చేరిన జనంలో ఎవరో "కాలు లాగి సరిచేయండి" అన్నారు. ఇద్దరు వంగారు కూడా. అంతలో గ్రానైటు లారీ పక్కకు ఆపి దిగిన ఒక పెద్దాయన వాళ్లను వారించి, నా పక్కనే నేలమీద కూర్చున్నారు. "కదలవద్దమ్మా, ఎముకను ఎవరూ ముట్టుకోవద్దు" అన్నారు తమిళ యాసలో. రోడ్డు పక్కన టిఫిన్ బండి నడిపే అమ్మ ఉతికిన నూలుచీర చించి తెచ్చింది. దాన్ని గాయం మీద కప్పి, క్లీనరు అబ్బాయి తెచ్చిన రెండు చెక్కలను చెరోపక్క పెట్టి, తన భుజం మీది తువ్వాలుతో కాలును ఉన్నది ఉన్నట్టు కట్టారు. ఆ తర్వాత 108 వచ్చేదాకా నా పాదం కదలకుండా రెండు చేతులతో పట్టుకునే ఉన్నారు.

మా నాన్న వయసు మనిషి. పెద్దవాళ్ల కాళ్లకు దండం పెట్టడమే తెలిసిన నాకు, ఆయన నా కాలు పట్టుకోవడం ఆ నొప్పిలోనూ చెప్పలేనంత ఇబ్బందిగా అనిపించి వద్దన్నాను. "బిడ్డ కాలేనమ్మా" అన్నారు.

అన్నా, మీరు చేసిన పని విలువ ఒంగోలు ఆసుపత్రిలో డాక్టరు గారు చెబితే అర్థమైంది. బయటికి వచ్చిన ఎముకను మట్టితో సహా లోపలికి నెట్టి ఉంటే చీము పట్టేదట. లాగి ఉంటే రక్తనాళాలు తెగేవేమోనట. మోకాలి కింద ముందువైపు ఎముక మీద చర్మమే తప్ప కండ ఉండదు. కండ లేనిచోట రక్తప్రసారం తక్కువ. అందుకే అక్కడ గాయమైతే ఎముక అతకడం ఆలస్యమవుతుంది, చీము పట్టే ప్రమాదమూ ఎక్కువ. "కట్టిన మనిషి తెలిసి కట్టాడు" అన్నారు డాక్టరు గారు.

మొదటిరోజు గాయం కడిగి, బయటినుంచి ఇనుప కడ్డీలు బిగించారు. గాయం శుభ్రపడ్డాక ఎముక లోపల రాడ్డు వేశారు. నాలుగో నెలలో ఎక్స్‌రే తీస్తే ఎముకల మధ్య ఇంకా సందు కనిపించింది. నేను పూర్తిగా కుంగిపోయిన రోజు అదే. రాడ్డుకు ఒకవైపు ఉన్న స్క్రూలు తీసేసి, "ఇక బరువు మోపండి, ఆ ఒత్తిడికే ఎముక పెరుగుతుంది" అన్నారు. ఏడో నెలలో ఆ సందులో తెల్లటి పొర కనిపించినప్పుడు డాక్టరు గారు ఎక్స్‌రేను కిటికీ వెలుగులో పెట్టి మా అత్తయ్యకు చూపించారు. మూడు నెలలు నా మలమూత్రాలు ఎత్తిన మనిషి ఆవిడ. ఆ వెలుగులో ఆవిడ ముఖం చూడటమే నాకు చాలు.

పుత్తూరు కట్టు వేయించమని పట్టుబట్టిన బంధువుల మీద నాకు కోపం లేదు. వాళ్లదీ ప్రేమే. తెరుచుకున్న గాయానికి ముందు ఆపరేషన్ గదిలో శుభ్రం చేయడం అవసరమని మావారు ఓపికగా అందరికీ చెప్పారు. నల్లేరు పచ్చడి పంపిన ఎదురింటి పిన్నిగారికి, రోజూ గంటసేపు బిగుసుకుపోయిన నా చీలమండను వంచుతూ నేను ఏడ్చినా ఆపని ఫిజియోథెరపిస్టు అమ్మాయికి, నా బదులు ఏడో తరగతికి లెక్కలు ఏడాదంతా చెప్పిన తోటి ఉపాధ్యాయులకు నమస్కారాలు.

అంబులెన్సు కదులుతుంటే నేను పేరు అడిగాను. డ్రైవరన్న చెప్పలేదు. "పోలీసు స్టేషను చుట్టూ తిరగలేనమ్మా, సరుకు రేవుకు చేరాలి" అన్నారు. ఆ భయం ఆయన ఒక్కరిదే కాదు. ప్రమాదంలో ఉన్నవారికి సాయపడినవారిని వేధించకూడదన్న మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు 2016లోనే ఆమోదం తెలిపింది. 2019లో వారికి రక్షణగా మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేరింది. సాయం చేసినవారు పేరు, చిరునామా చెప్పి తీరాలన్న నిర్బంధం లేదు. ఇది ఆయనకు ఆ రోజే చెప్పగలిగి ఉంటే ఎంత బాగుండేదో. నాకే తెలియదు, మంచం మీద ఉండగా చదివి తెలుసుకున్నాను. గ్రానైటు లారీలు నడిపే అన్నలారా, ఆయన తెలుగు చదవలేకపోవచ్చు. మీలో ఎవరికైనా ఆయన తెలిసి ఉంటే ఇది చదివి వినిపించండి.

మొన్న ఆదివారం ఆ టిఫిన్ బండి దగ్గరికి నడిచి వెళ్లాను. ఆ అమ్మ నన్ను గుర్తుపట్టి ముందు నా కాలి వైపే చూసింది. చీర తీసుకోనంది, ఒప్పించి ఇచ్చాను. అన్నా, మీ తువ్వాలు ఆవిడ దగ్గరే ఉంచాను. ఎన్నిసార్లు ఉతికినా అంచున మరక పోలేదు, దానితోపాటు కొత్తదొకటి పెట్టాను. ఆ దారిన వచ్చినప్పుడు తీసుకోండి.