లాచులుంగ్ లా నేను తొక్కలేదు

ప్రయాణం నుంచి వచ్చినప్పటి నుంచి ఫోన్ ఆగట్లేదు. బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో కూడా "మనాలి నుంచి లేహ్ దాకా సైకిల్ మీద వెళ్లింది మీరేనట కదా" అని అడుగుతున్నారు. సంతోషమే. కానీ ఆ దారిలో సర్చూ మజిలీ నుంచి పాంగ్ మజిలీకి వెళ్లిన రోజు సంగతి ఉన్నదున్నట్టు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ రోజు చివరి కొండ లాచులుంగ్ లా (అక్కడ లా అంటే కనుమ) నేను లారీలో దాటాను.

పొద్దున బాగానే మొదలైంది. ఇరవై కిలోమీటర్లకు పైగా నది పక్కన దాదాపు చదును. ఆ తర్వాత గాటా లూప్స్, 21 మలుపులు. ఎక్కాల్సిన ఎత్తు చూస్తే మన బెంగళూరు దగ్గరి నంది కొండ ఘాటుకు పెద్ద తేడా లేదు. కాకపోతే నంది శిఖరమే 1,478 మీటర్లు, ఇక్కడ ఎక్కడం మొదలయ్యేదే నాలుగు వేల పైన. ఆదివారాలు నందిని గంటలోపు ఎక్కేసే నాకు ఇక్కడ మూడు గంటలు పట్టింది. ఒక మలుపు తొక్కడం, ఒక మలుపు తోయడం. దారిలో చిన్న గుడి లాంటిది ఉంది. ఎప్పుడో చలికి చనిపోయిన లారీ క్లీనర్ దాహం తీరాలని వచ్చేపోయేవాళ్లు అక్కడ నీళ్ల సీసాలు పెడతారు. నా సీసా అప్పటికే అడుగంటింది, అయినా వాటి జోలికి పోలేదు. దెయ్యాల్లేవని నేను వాదించేది బెంగళూరులో ఉన్నప్పుడే.

4,739 మీటర్ల నకీ లా దాటి విస్కీ నాలా అనే చోటికి దిగుతుంటే కంకరలో వెనక చక్రం జారి పడ్డాను. లేచి గేరు మార్చబోతే డీరైలర్ హ్యాంగర్ పుటుక్కున విరిగింది. గేర్లు మార్చే డీరైలర్‌ని ఫ్రేమ్‌కు పట్టి ఉంచే వేలెడంత అల్యూమినియం ముక్క, అది లేకపోతే డీరైలర్ చైన్‌తో సహా వేలాడిపోతుంది.

మా హిందూపురం అన్నకు మొదటి దండం. బయల్దేరే ముందు తన షాపులో కొత్త హ్యాంగర్ నా చేతిలో పెట్టి, విప్పడం, బిగించడం మూడుసార్లు నాతోనే చేయించాడు. "మళ్లీనా అన్నా" అని విసుక్కున్నాను కూడా. "కొండ మీద నేనుండను గదప్పా" అన్నాడు. డబ్బులు తీసుకోలేదు.

పని తెలుసు, కానీ వేళ్లు కదలట్లేదు. ఆ గాలికి అలెన్ కీ రెండుసార్లు చేజారింది. పక్కనే రోడ్డు పని చేసేవాళ్ల టార్పాలిన్ గుడారాలున్నాయి. వాళ్లే వచ్చి సైకిల్‌ని, నన్ను లోపలికి లాక్కెళ్లారు. జార్ఖండ్‌లోని దుమ్‌కా వాళ్లట. స్టవ్ దగ్గర నా చేతులు కాచి, గ్లాసు నిండా తియ్యటి టీ ఇచ్చారు, ఒక కుర్రాడు టార్చి పట్టుకుని కూర్చున్నాడు. మాది పాలమూరు. మా తాత కూడా ఎక్కడెక్కడి డ్యాముల దగ్గరో ఇలాంటి గుడారాల్లోనే బతికాడు. అది వాళ్లకు చెబుదామనుకున్నాను, నా హిందీకి అంత శక్తి లేదు. "మేరా దాదా భీ" అని ఆగిపోయాను. అర్థమైనట్టే తల ఊపారు.

హ్యాంగర్ బిగిసింది, నేను మాత్రం నిలబడలేకపోతున్నాను. తల పగిలిపోతోంది, మాట ముద్దగా వస్తోంది. ముందున్న లాచులుంగ్ లా ఐదు వేల మీటర్ల పైన. వాళ్లు నాతో చర్చ పెట్టుకోలేదు. కూరగాయల లారీ ఆపి, సైకిల్ పైన కట్టి, నన్ను డ్రైవర్ పక్కన కూర్చోబెట్టారు. ఆ డ్రైవర్ అన్నకూ రుణపడ్డాను. ప్రతి పది నిమిషాలకూ నా ఊరి పేరు అడిగాడు. మొదట మతిమరుపేమో అనుకున్నాను, నేను స్పృహలో ఉన్నానో లేదో చూస్తున్నాడని తర్వాత తట్టింది.

పాంగ్‌లో ధాబా అమ్మ నా ముఖం చూడగానే ఆర్మీ క్యాంపులోని వైద్యుల దగ్గరికి పంపింది. ఎత్తు పడకపోతే కిందికి దిగిపోవాలంటారు. పాంగ్ నుంచి ఎటు వెళ్లాలన్నా ముందు ఎక్కాల్సిందే. అందుకని ఆక్సిజన్ పెట్టి, రెండో రోజు కూడా అక్కడే ఉంచారు. పైసా అడగలేదు.

సెప్టెంబర్‌లో మన తెలుగువాళ్లెవరైనా అటు వెళ్తుంటే చెప్పండి. ఇరవై జతల ఊలు గ్లవ్స్ కొని పెట్టాను, విస్కీ నాలా గుడారాల దగ్గర ఆగి ఇచ్చేయండి చాలు. హిందూపురం అన్నా, ఆదివారం షాపుకొస్తున్నా. ఇంకో హ్యాంగర్ తీసిపెట్టు, ఈసారి డబ్బులు తీసుకోవాలి.